గునుగు పువ్వు కావాలి, గునుగు మొలిచే నేల అక్కర్లేదా?

వానాకాలం మొదలై నెల దాటింది. జహీరాబాద్ దగ్గర ఒక ఊరి బీట్లో ఒక అవ్వ వెనక నడుస్తున్నాను. గంగవాయిలి అనుకుని నేనొక తీగ తెంపబోతే ఆమె ఆపింది. ‘‘బిడ్డా, గది కాదు. ఇరిచి సూడు, పాలు కారుతయి’’ అంది. విరిచి చూస్తే తెల్లని పాలు కారాయి. అది నానబాలు. రెండడుగుల అవతల అసలైన గంగవాయిలి ఉంది. ఆ పూట గంటసేపట్లో ఆమె కొంగు గునుగు, దొగ్గలి, చెంచలి, తుమ్మి కూరలతో నిండింది. వీటిలో ఏదీ ఎవరూ విత్తింది కాదు, నీళ్లు పెట్టింది కాదు.

రెవెన్యూ రికార్డుల్లో ఇలాంటి నేలకు ఉండే పేర్లు వేరు: బంజరు, పోరంబోకు, గైరాన్, ఖారిజ్ ఖాతా. ఉపగ్రహ పటంలో దాని పేరు ‘పొదలున్న వృథా భూమి’. అవ్వ చెప్పే పేర్లకూ సర్కారు పెట్టిన పేర్లకూ మధ్య ఉన్న దూరంలోనే దళితుల భూమి ప్రశ్న ఒకటి ఇరుక్కుపోయి ఉంది. మొక్కల్ని గుర్తుపట్టడం ప్రకృతి ప్రేమికుల సరదా మాత్రమే కాదు, భూమి మీద హక్కు చెప్పుకునే పని కూడా. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇదే.

‘వృథా’ ఎవరి లెక్కలో?

వలస పాలనలో భూమికి విలువ కట్టింది శిస్తుతో. దున్నితే శిస్తు వస్తుంది, అడవైతే కలప వస్తుంది. రెండూ రాని నేల బంజరు. పశువుల మేత, ఇంటి కప్పుకు గడ్డి, వంటచెరకు, కూరాకు ఇచ్చినా అది ఖజానా లెక్కలోకి రాలేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ లెక్క మారలేదు. కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి 2019లో తెచ్చిన వృథా భూముల అట్లాస్ ప్రకారం దేశంలో దాదాపు 5 కోట్ల 57 లక్షల హెక్టార్లు ‘వృథా’. అంటే దేశ విస్తీర్ణంలో సుమారు 17 శాతం. ఉప్పు తేలిన నేలలు, ఇసుక దిబ్బలతో పాటు పొదలున్న మైదానాలు, మేత భూములు కూడా ఈ పద్దులోనే ఉన్నాయి.

అడవి అనిపించుకుంటే కనీసం కాగితం మీదైనా రక్షణ ఉంటుంది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదంలో చూశాం కదా. అక్కడ చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపింది. వాదనలన్నీ ‘ఇది అడవా, కాదా’ అన్న దాని చుట్టూనే తిరిగాయి. కానీ ‘కంచ’ అంటేనే మేత భూమి. మేత భూమిగా దానికొక విలువ ఉంటుందని చెప్పే చట్టం మన దగ్గర దాదాపు లేదు.

గడ్డి నేల చెడిపోయిన అడవి కాదు

చెట్లు నరికేస్తే మిగిలేదే గడ్డి నేల అని బడిలో నేర్చుకున్నాం. దక్కన్ విషయంలో ఇది చాలాచోట్ల తప్పు. నాలుగు నెలలు వాన, ఎనిమిది నెలలు ఎండ, లోతు తక్కువ నేల. ఇలాంటి చోట చెట్లు దట్టంగా అల్లుకోవు. గడ్డి మధ్య అక్కడొక తుమ్మ, ఇక్కడొక రేగు, మోదుగ, తంగేడు నిలబడతాయి. అది ఆ నేలకు సహజమైన రూపం.

ఇక్కడి గడ్డి జాతులకు ఎండ నిండుగా కావాలి, నీడ పడితే చచ్చిపోతాయి. మేసినా, కాలినా మొదట్లో ఉన్న మొగ్గల నుంచి మళ్లీ లేస్తాయి. బట్టలకు గుచ్చుకునే ముళ్ల గడ్డి మనకు తెలిసిందే, శాస్త్రీయంగా హెటెరోపోగాన్ కంటార్టస్. దాని గింజకు మెలితిరిగిన పొడవాటి తోక ఉంటుంది. తడిసినప్పుడు, ఆరినప్పుడు ఆ తోక తిరుగుతూ గింజను స్క్రూ లాగా మట్టిలోకి దించుతుంది. కృష్ణజింక, తోడేలు, బట్టమేక పిట్ట బతికేది ఇలాంటి మైదానాల్లోనే. పైకి బోడిగా కనిపించినా ఈ నేల తన కర్బనంలో ఎక్కువ భాగాన్ని వేళ్లలో, మట్టిలో దాచుకుంటుంది.

గుర్తుపట్టడం ఎలా?

మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది గంగవాయిలి. కాండం నున్నగా, కండపట్టి, ఎర్రగా ఉంటుంది. ఆకు చిన్న గరిటెలా ఉంటుంది, నమిలితే పులుపు. పసుపు పువ్వు ఎండ రాగానే విచ్చుకుని కాసేపటికే ముడుచుకుంటుంది. విరిస్తే నీరు కారుతుంది తప్ప పాలు రావు. పాలు వస్తే అది నానబాలు జాతి, కూరకు పనికిరాదు. కొన్నిచోట్ల దీన్ని ‘రెడ్డివారి నానబాలు’ అంటారు. కులం మొక్కల పేర్లలోకి కూడా ఎలా పాకిందో గమనించండి.

రెండోది గలిజేరు. ఈ ఒక్క పేరుతో రెండు వేరు మొక్కల్ని పిలుస్తారు. ఒకటి అంబటిమాడు, అంటే తెల్ల గలిజేరు (ట్రయాంథెమా). రెండోది అటికమామిడి, అంటే ఎర్ర గలిజేరు (బోర్హేవియా). రెండూ నేల మీద పాకుతాయి, రెండింటికీ జంట ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆకు చూసి తేల్చలేం, పువ్వు చూడాలి. అంబటిమాడు పువ్వుకు కాడ ఉండదు, ఆకు మొదట్లో అతుక్కుని ఒంటరిగా ఉంటుంది. అటికమామిడి పూలు సన్నని కాడల మీద గుత్తులుగా గులాబీ రంగులో వస్తాయి, కాయలు బట్టలకు జిగటగా అంటుకుంటాయి. పునర్నవ పేరుతో మందుల బజారులో ఒకదాని బదులు ఇంకొకటి అమ్ముడవుతూ ఉంటుంది. ఊరి పేరుతో పాటు శాస్త్రీయ నామం కూడా ఎందుకు రాసుకోవాలో దీన్ని చూస్తే తెలుస్తుంది.

మూడోది గునుగు (సెలోసియా అర్జెంటియా). లేతగా ఉన్నప్పుడు సన్నని, నూగు లేని ఆకులు. కాండం మీద నిలువు గీతలు. వానాకాలంలో అది కూర. బతుకమ్మ నాటికి గులాబీ కొస ఉన్న వెండి రంగు కంకులు వేసి పువ్వవుతుంది. ఆ రెండింటి మధ్య కాలమంతా రైతు పుస్తకంలో అది కలుపు.

తెలివి ఎవరిది, చిన్నచూపు ఎవరికి?

ఈ తెలివి దళిత ఆడవాళ్ల దగ్గర ఎక్కువగా ఉండటానికి కారణం పుట్టుకతో వచ్చిన ప్రకృతి ప్రేమేమీ కాదు. భూమి లేకపోవడం, కలుపు కూలి, కరువు. కలుపు తీయడానికి పోయిన చేతులే కూరను వేరు చేసి ఇంటికి తెచ్చాయి. ఊరి పెద్దల ఇళ్లలో అది పేదోళ్ల తిండి. అదే గంగవాయిలి ఇప్పుడు నగరాల్లో పోషకాహారం పేరుతో మంచి ధరకు అమ్ముడవుతోంది.

జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ఈ చిన్నచూపును ఎదిరించారు. చిరుధాన్యాలతో పాటు విత్తని ఆకుకూరల్ని కూడా పంటల లెక్కలో చేర్చాలన్నారు. 2008లో మొదలైన సంఘం రేడియోలో, తమ కెమెరాలతో తీసిన చిత్రాల్లో ఆ తెలివిని తమ గొంతుతోనే నమోదు చేశారు. కలుపు అనే మాటనే వాళ్లు ప్రశ్నించారు. పత్తి చేలల్లో గడ్డి మందు కొట్టినప్పుడు చచ్చేది కలుపు మాత్రమే కాదు, కూలి ఇంటి కూర కూడా.

గునుగు, తంగేడు రెండూ బతుకమ్మకు ముఖ్యమైన పూలు. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. రెండూ విరివిగా పూసేది సర్కారు బంజరు అని రాసుకున్న నేలల్లోనే. పువ్వు పండగకు కావాలి. ఆ పువ్వును ఎరిగిన ఆడబిడ్డలు మాత్రం కొన్ని ఊళ్లలో ఇప్పటికీ వేరుగా ఆడాలి.

నేల మీదికి వస్తున్న మూడు ముప్పులు

మొదటిది చెట్లు నాటడం. 1870ల చివర్లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో విదేశీ తుమ్మ విత్తనాలు చల్లారు. ఈనాడు మైదానాలను మింగేస్తున్న ఆ చెట్టును జనం ‘సర్కారు తుమ్మ’ అన్నారు. ఎవరు తెచ్చారో పేరులోనే ఉంది. 2015లో మొదలైన హరితహారం 230 కోట్ల మొక్కల లక్ష్యం పెట్టుకుంది. కేంద్రం గ్రీన్ క్రెడిట్ పథకానికి 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన పద్ధతిలో పొద నేలల్ని, వృథా భూముల్ని కూడా చేర్చి హెక్టారుకు కనీసం 1,100 చెట్లు అంది. అంత నీడలో గడ్డి బతకదు, గునుగు బతకదు.

రెండోది భూసేకరణ. జహీరాబాద్ నిమ్జ్ కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12 వేల ఎకరాలకు పైగా గుర్తించారు. ఇలాంటి చోట్ల అసైన్డ్, లావణి పట్టా భూములు ముందు పోతాయి. అమ్మడానికి 1977 చట్టం ఒప్పుకోదు కాబట్టి వాటికి మార్కెట్ ధర లేదంటారు. ఇచ్చిన సర్కారే తిరిగి తీసుకోవచ్చంటారు.

మూడోది మనుషుల్ని మరిచిన సంరక్షణ. బట్టమేక పిట్ట కోసం 1988లో కర్నూలు జిల్లా రోళ్లపాడు దగ్గర అభయారణ్యం ప్రకటించారు. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కానీ ఆ పిట్టకు కంచె లోపలి గడ్డితో పాటు బయటి మెట్ట చేలు కూడా కావాలి. చుట్టూ సాగునీరు వచ్చి పంటలు మారాక కంచె ఒక్కటే దాన్ని కాపాడలేకపోయింది. చుట్టుపక్కల జనం బతుకుతో కలిపి చూడని సంరక్షణ నిలవదు.

చట్టంలో ఉన్న సందు, మనం చేయాల్సిన పని

2013 భూసేకరణ చట్టం ‘బాధిత కుటుంబం’ నిర్వచనంలో కూలీలను, కౌలుదార్లను, అడవి మీద, నీటి వనరుల మీద ఆధారపడి బతికే వాళ్లను చేర్చింది. బీళ్లలో, గట్ల మీద కూరాకు ఏరుకునే వాళ్ల మాట అందులో లేదు. అటవీ హక్కుల చట్టం అటవీ భూమికే వర్తిస్తుంది. అయితే 2013 చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా మేత భూముల మీద పడే ప్రభావాన్ని కూడా లెక్కించాలంటుంది. తెలంగాణ సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులకు ఈ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే వీలు కల్పించింది. అందుకే సేకరణ నోటీసు వచ్చేదాకా ఆగకూడదు, రికార్డు ముందే మన చేతిలో ఉండాలి.

2002 జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య కమిటీ ఉండాలంది. ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయడం దాని పని. 2004 నాటి నియమాలు ఆ కమిటీలో మూడో వంతు మహిళలు, 18 శాతం ఎస్సీ, ఎస్టీలు ఉండాలన్నాయి. మీ ఊరి కమిటీలో ఎవరున్నారు? రిజిస్టర్‌లో ఎవరి మాట రాశారు? సమాచార హక్కు కింద ఒక్క దరఖాస్తుతో తెలుసుకోవచ్చు.

విద్యార్థులు ఈ వానాకాలంలోనే మొదలుపెట్టవచ్చు. ఒక సర్వే నంబరు ఎంచుకోండి. నెలకోసారి వెళ్లి ప్రతి మొక్క ఆకు, పువ్వు, కాయ, మొత్తం మొక్క ఫొటోలు తీయండి. తేదీ, చోటు, ఊరి పేరు, ఎవరు వాడతారో రాయండి. ఒక కొమ్మను పాత పేపర్ల మధ్య పెట్టి, పేపర్లు మారుస్తూ ఆరబెట్టండి. శాస్త్రీయ నామం తేల్చడానికి విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగం గానీ, హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే దక్కన్ కేంద్రం గానీ సాయపడగలవు. జాబితాను గ్రామసభ ముందు పెట్టి తీర్మానం అడగండి.

ఒక్క జాగ్రత్త. చెప్పినవారి అనుమతి లేకుండా మందు వాడకం వివరాలు బయట పెట్టకండి. 2023 సవరణ గ్రంథాల్లో నమోదైన జ్ఞానాన్ని ప్రయోజనాల పంపకం నుంచి మినహాయించింది. గ్రంథంలో పునర్నవ అని ఉంటే కంపెనీకి మినహాయింపు దొరుకుతుంది. గలిజేరును తరతరాలుగా కాపాడిన నోటి మాటకు పైసా రాదు.

మన పెద్దలకు అక్షరం నిరాకరించారు కాబట్టి వాళ్ల తెలివి కాగితం మీదికి రాలేదు. కాగితం లేదు కాబట్టి ఆ నేల వృథా అన్నారు. ఆ కాగితం ఇప్పుడు మనం రాయాలి, అవ్వ చెప్పిన పేర్లతో, ఆమె పేరు కూడా చేర్చి.