కోడింగ్ రాదా? అయినా పర్లేదు.. ఓపెన్ సోర్స్ వీడియో ప్లాట్‌ఫామ్‌లో మీరూ ఓ చెయ్యి వేయొచ్చు! ఎలాగంటే..

మొబైల్‌లో వీడియో చూడని రోజంటూ ఉందా? పొద్దున లేవగానే షార్ట్స్, మధ్యాహ్నం న్యూస్ క్లిప్, రాత్రి కామెడీ స్కిట్.. అన్నీ ఒకటీ రెండు యాప్‌లలోనే. అప్‌లోడ్ చేసేదీ అక్కడే, చూసేదీ అక్కడే. మరి ఆ కంపెనీ రూల్ మారిస్తే? ఛానల్ ఆపేస్తే?

ఇది ఊహ కాదు.. 2018 జూన్‌లో జరిగింది. త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ 'బ్లెండర్' పేరు వినే ఉంటారు. దాన్ని తయారు చేసే బ్లెండర్ ఫౌండేషన్‌కి చెందిన యూట్యూబ్ వీడియోలు ఒక్కసారిగా ప్రపంచవ్యాప్తంగా బ్లాక్ అయ్యాయి. యాడ్స్ లేకుండా ఛానల్ నడపాలన్నది వాళ్ల పాలసీ. దాని చుట్టూ యూట్యూబ్‌తో ఒప్పందం దగ్గర పేచీ వచ్చింది. కొన్ని రోజుల్లో వీడియోలు తిరిగొచ్చాయి. కానీ ఆ గ్యాప్‌లోనే బ్లెండర్ టీమ్ సొంత వీడియో సైట్ పెట్టేసుకుంది. దానికి వాడిన సాఫ్ట్‌వేర్ పేరు.. పీర్‌ట్యూబ్.

ఈ పీర్‌ట్యూబ్‌ ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, బాగు చేయొచ్చు. ఆ 'ఎవరైనా'లో మీరూ ఉన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏం తెలిసుండాలి? ఏం చేయకూడదు? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఏంటీ పీర్‌ట్యూబ్?

ఫ్రాన్స్‌లో ఫ్రామాసాఫ్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఉంది. పీర్‌ట్యూబ్‌ని నడిపిస్తోంది వాళ్లే. 2015లో 'చోకోబోజ్' అనే మారుపేరుతో ఓ డెవలపర్ దీన్ని సొంతంగా మొదలుపెట్టాడు. 2017లో ఫ్రామాసాఫ్ట్ అతన్ని ఉద్యోగంలోకి తీసుకుంది. 2018లో జనం నుంచి విరాళాలు అడిగితే.. 20 వేల యూరోలు టార్గెట్ పెట్టుకుంటే 53 వేలకు పైగా వచ్చాయి. అదే ఏడాది అక్టోబర్‌లో మొదటి పూర్తి వెర్షన్ రిలీజ్ అయింది. 2021 జనవరిలో లైవ్ స్ట్రీమింగ్, 2024 డిసెంబర్‌లో మొబైల్ యాప్ వచ్చాయి.

ఇంత పెద్ద ప్రాజెక్ట్ కదా.. వందల మంది ఇంజనీర్లు ఉంటారనుకుంటున్నారా? ఏళ్ల తరబడి దీనిపై జీతం తీసుకుని పనిచేసింది ఒకే ఒక్క డెవలపర్! మిగతాదంతా వాలంటీర్ల చలవే. అందుకే బయటి నుంచి వచ్చే చిన్న సాయం కూడా ఇక్కడ పెద్దదే.

ఎలా పనిచేస్తుంది?

యూట్యూబ్ అంటే ఒకే పెద్ద మాల్. మొత్తం ఒక్క ఓనర్‌దే. పీర్‌ట్యూబ్ అలా కాదు.. సంత లాంటిది. ఎవరి కొట్టు వాళ్లదే. ఓ కాలేజీ, ఓ యూనియన్, ఓ లైబ్రరీ.. ఎవరైనా తమ సర్వర్‌లో పీర్‌ట్యూబ్ పెట్టుకోవచ్చు. ఆ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. జీమెయిల్ నుంచి యాహూకి మెయిల్ వెళ్లినట్టే అన్నమాట. ఇందుకు 'యాక్టివిటీపబ్' అనే పద్ధతి వాడతారు. మాస్టడాన్ నడిచేది కూడా దీని మీదే.

ఇంకో విశేషం.. ఒకే వీడియోని ఒకేసారి చాలామంది చూస్తుంటే, సర్వర్ మీద భారం తగ్గించడానికి చూసేవాళ్ల బ్రౌజర్లు కూడా వీడియో ముక్కలని ఒకదానికొకటి పంచుకోగలవు. 'పీర్' అనే పేరు అందుకే. చిన్న సర్వర్ పెట్టుకున్నవాళ్లకి ఇది పెద్ద రిలీఫ్.

కోడ్ రానివాళ్లు చేయగలిగే 4 పనులు

ఓపెన్ సోర్స్ అనగానే 'అది సాఫ్ట్‌వేర్ వాళ్ల పని' అని వదిలేస్తారు చాలామంది. నిజానికి సగం పనులకి కోడ్‌తో సంబంధమే లేదు.

1. తెలుగు అనువాదం: యాప్‌లో కనిపించే ప్రతి బటన్, ప్రతి మెసేజ్‌ని ఎవరో ఒకరు అనువదిస్తేనే ఆ భాషలో వస్తుంది. పీర్‌ట్యూబ్ అనువాదాలన్నీ ఫ్రామాసాఫ్ట్ వారి 'వెబ్‌లేట్' సైట్‌లో జరుగుతాయి. అకౌంట్ తెరవాలి, భాష ఎంచుకోవాలి, ఒక్కో వాక్యం పక్కన తెలుగు టైప్ చేయాలి. అంతే. మీ భాష లిస్టులో లేకపోతే కొత్త భాష కోసం అక్కడే అడగొచ్చు.

అయితే జాగ్రత్తలున్నాయి. అందరికీ తెలిసిన 'అప్‌లోడ్'ని తీసేసి ఎవరూ వాడని పదం పెడితే.. అది తెలుగే కానీ ఎవరికీ అర్థం కాదు. మీ అమ్మగారు ఫోన్ పట్టుకుంటే ఆ బటన్ నొక్కగలరా? అదే కొలమానం. ఒక వీడియో, 5 వీడియోలు.. ఇలా ఏకవచనం, బహువచనం విడిగా అడుగుతుంది. రెండూ సరిచూసుకోవాలి. వాక్యం మధ్యలో బ్రాకెట్లలో కనిపించే కోడ్ పదాలని మాత్రం అనువదించొద్దు. ఆ స్థానంలోకే పేరో, నంబరో వచ్చి కూర్చుంటుంది. కావాలంటే తెలుగు వాక్యానికి తగ్గట్టు ముందుకో వెనక్కో జరపొచ్చు.

2. బగ్ రిపోర్ట్: ఇది మన వ్యూయర్స్‌కి బాగా సూటయ్యే పని. ఎందుకంటే రకరకాల ఫోన్లు, తక్కువ స్టోరేజ్, ఊరు దాటితే పడిపోయే సిగ్నల్.. ఇవన్నీ మనకి రోజూ అలవాటే. ఫ్రాన్స్‌లో కూర్చున్న డెవలపర్‌కి ఇవన్నీ టెస్ట్ చేసే వీలుండదు.

తెలుగు అక్షరాల సంగతే తీసుకోండి. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకి తగ్గట్టు కట్టిన బటన్‌లో మన ఒత్తులు కింద తెగిపోతుంటాయి. గుడి, దీర్ఘం పైన కోసుకుపోతాయి. ఇంగ్లిష్‌లో నాలుగు అక్షరాల మాట తెలుగులో పొడవై పక్క బటన్ మీదకి ఎక్కేస్తుంది. తెలుగు చదవడం వచ్చినవాళ్లు తప్ప ఈ తప్పుని ఎవరూ పట్టుకోలేరు.

రిపోర్ట్ ఎలా రాయాలి? 'వీడియో రావట్లేదు, ఫిక్స్ చేయండి' అంటే లాభం లేదు. డెవలపర్ తన దగ్గర అదే సమస్యని మళ్లీ రప్పించగలగాలి. కాబట్టి ఇవి చెప్పాలి:
- ఏ ఫోన్, ఏ ఆండ్రాయిడ్ వెర్షన్, ఏ బ్రౌజర్ లేదా యాప్ వెర్షన్
- ఏం చేశారు? వరుసగా స్టెప్పులు
- ఏం జరగాలనుకున్నారు? నిజంగా ఏం జరిగింది?
- ప్రతిసారీ వస్తోందా, అప్పుడప్పుడా?
- స్క్రీన్‌షాట్ లేదా స్క్రీన్ రికార్డింగ్

రాసేముందు అదే సమస్యని ఇంకెవరైనా చెప్పారేమో వెతకండి. ఇంగ్లిష్ అంత గొప్పగా రానక్కర్లేదు. చిన్న చిన్న వాక్యాలు చాలు. ఆ ప్రాజెక్ట్ నడిపేవాళ్ల మాతృభాషా ఇంగ్లిష్ కాదు!

ఒక్క మినహాయింపు.. వేరేవాళ్ల అకౌంట్‌లోకి దూరగలిగే లాంటి సెక్యూరిటీ లోపం కనిపిస్తే అందరికీ కనిపించేలా పోస్ట్ చేయొద్దు. దానికి ప్రైవేట్‌గా చెప్పే పద్ధతి ప్రాజెక్ట్ పేజీలోనే ఉంటుంది. లేదంటే సరిచేసేలోపే దాన్ని వాడుకునేవాళ్లు తయారవుతారు.

3. డాక్యుమెంటేషన్: ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. గైడ్‌లో ఆ స్టెప్ మిస్సయిందేమో చూడండి. నాలుగేళ్లుగా వాడుతున్నవాళ్లకి ఆ గుంత కనిపించదు. కొత్తగా వచ్చినవాళ్లే అందులో పడతారు, వాళ్లే పూడ్చగలరు. తెలుగులో ఓ 5 నిమిషాల హౌ-టు వీడియో చేసినా అదీ కాంట్రిబ్యూషనే.

4. సబ్‌టైటిల్స్: 2024లో పీర్‌ట్యూబ్‌కి ఆటోమేటిక్ సబ్‌టైటిల్స్ వచ్చాయి. ఓపెన్ఏఐ విడుదల చేసిన 'విస్పర్' అనే మోడల్ దానికి ఆధారం. విస్పర్ గుర్తుపట్టే భాషల్లో తెలుగు కూడా ఉంది. కానీ యాస మారినా, ఇంగ్లిష్ కలిసినా మెషీన్ తడబడుతుంది. మనిషి చేత్తో సరిచేస్తేనే వినికిడి సమస్య ఉన్నవాళ్లకి ఆ వీడియో నిజంగా పనికొస్తుంది.

కోడ్ వచ్చినవాళ్లు ఎలా మొదలుపెట్టాలి?

పీర్‌ట్యూబ్‌లో ఎక్కువ భాగం టైప్‌స్క్రిప్ట్‌లో ఉంటుంది. ముందు కనిపించే పేజీలు యాంగులర్‌తో, వెనక సర్వర్ నోడ్ జేఎస్, ఎక్స్‌ప్రెస్‌తో నడుస్తాయి. డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్, దానికి తోడు రెడిస్, వీడియోని వేర్వేరు క్వాలిటీల్లోకి మార్చడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్. మొబైల్ యాప్ వేరు.. అది ఫ్లట్టర్‌లో ఉంది. బీటెక్‌లో వెబ్ ప్రాజెక్ట్ చేసినవాళ్లకి వీటిలో ఒకటో రెండో పరిచయమే.

స్టెప్ 1: సోర్స్ కోడ్ గిట్‌హబ్‌లో ఉంటుంది. అకౌంట్ తెరిచి, ప్రాజెక్ట్‌ని 'ఫోర్క్' చేయండి. అంటే మీ అకౌంట్‌లోకి ఓ కాపీ. ఆ కాపీని కంప్యూటర్‌లోకి దించుకోండి.

స్టెప్ 2: కాంట్రిబ్యూటింగ్ గైడ్ చదవండి. చాలామంది దాటేసేది ఇదే! డెవలప్‌మెంట్ మోడ్‌లో నడిపిస్తే మీ కంప్యూటర్‌లోనే ఓ చిన్న వీడియో సైట్ వచ్చేస్తుంది. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 3000 తెరిస్తే కనిపిస్తుంది. తొలిరోజు ఇక్కడిదాకా వచ్చినా గెలిచినట్టే.

స్టెప్ 3: చిన్న పని ఎంచుకోండి. కొత్తవాళ్లకి అనువైనవని గుర్తుపెట్టిన ఇష్యూలు చూడండి. నచ్చినది దొరికితే 'నేను చేస్తాను' అని అక్కడే చెప్పండి. కొత్త ఫీచర్ ఐడియా ఉంటే ముందు చర్చించాలి, తర్వాతే కోడ్. నెల కష్టపడి రాశాక 'ఇది మాకొద్దు' అంటే బాధ ఇద్దరికీ.

స్టెప్ 4: మార్పు కోసం వేరే బ్రాంచ్ తీసుకోండి. ఒక బ్రాంచ్‌లో ఒకే పని. టెస్టులు నడిపించి, 'పుల్ రిక్వెస్ట్' పంపండి. ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నది నాలుగు లైన్లలో రాయండి.

స్టెప్ 5: రివ్యూలో 'ఇది ఇలా మార్చండి' అని వస్తుంది. అది తిట్టు కాదు, పద్ధతే అంత. జవాబు ఆలస్యమైతే రోజూ పొడవొద్దు. అవతల ఉన్నది కొద్దిమందే.

అసలు ప్రాజెక్ట్ జోలికి వెళ్లడానికి భయంగా ఉందా? ప్లగిన్ రాయండి. పీర్‌ట్యూబ్‌కి ప్లగిన్లు, థీమ్‌లు విడిగా తయారు చేసుకునే ఏర్పాటుంది. తెలుగు ఫాంట్ బాగా కనిపించే ఓ థీమ్ చేసినా మంచి ఆరంభమే.

ఈ ఒక్కటి మాత్రం చేయొద్దు!

2024 ఆరంభంలో ఎక్స్‌ప్రెస్ జేఎస్ ప్రాజెక్ట్‌కి వింత సమస్య వచ్చింది. రీడ్‌మీ ఫైల్‌లో తమ పేరు చేర్చి పంపిన పుల్ రిక్వెస్టులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. పంపింది ఎవరంటే.. ఎక్కువగా మన దేశ విద్యార్థులే! గిట్ నేర్పే ఓ పాపులర్ భారతీయ ట్యుటోరియల్‌లో ఉదాహరణగా ఆ ప్రాజెక్ట్‌ని చూపించారు. చూసినవాళ్లు ప్రాక్టీస్ అనుకుని నిజంగానే పంపేశారు. పైన చెప్పుకున్నట్టు, పీర్‌ట్యూబ్ సర్వర్ నడిచేది ఈ ఎక్స్‌ప్రెస్ మీదే.

అంతకుముందు 2020 అక్టోబర్‌లో 'హ్యాక్‌టోబర్‌ఫెస్ట్'లోనూ ఇదే గొడవ. ఉచిత టీషర్ట్ కోసం పనికిరాని మార్పులు పంపడంతో, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే ఈవెంట్ వర్తించేలా నిర్వాహకులు మధ్యలో రూల్ మార్చాల్సి వచ్చింది.

నష్టమేంటంటారా? ఒక్కో రిక్వెస్ట్‌ని తెరిచి, చూసి, మూయాల్సింది మనిషే. ఆ టైమ్‌లో అసలు బగ్ ఆగిపోతుంది. రెండోది ఇంకా చేదు.. తర్వాత నిజాయితీగా వచ్చే మన కుర్రాడి రిక్వెస్ట్‌ని కూడా అనుమానంగానే చూస్తారు. ఒకరు చేసిన పనికి ఇంకొకరు మాట పడాలి.

ఏఐతో రాయించి చదవకుండా పంపడమూ ఇంతే. కర్ల్ ప్రాజెక్ట్ నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్, ఏఐ రాసిన ఉత్తుత్తి సెక్యూరిటీ రిపోర్టులతో విసిగిపోయామని చాలాసార్లు బహిరంగంగానే చెప్పారు. ఏఐ సాయం తీసుకున్నా ప్రతి లైనూ మీరు వివరించగలగాలి. లేదంటే పంపకండి. గిట్ ప్రాక్టీస్ కావాలంటే సొంతంగా ఓ ఖాళీ రిపాజిటరీ పెట్టుకోండి. అక్కడ ఎన్ని తప్పులు చేసినా ఎవరికీ ఇబ్బంది ఉండదు.

మరి మనకేంటి లాభం?

డబ్బులు రావు. అది ముందే తెలుసుకోండి. వాలంటీర్ పనికి జీతం ఉండదు. కానీ ఇంటర్వ్యూలో 'టీమ్‌లో పనిచేశారా?' అని అడిగితే చూపించడానికి పేరుతో సహా రికార్డు ఉంటుంది. సర్టిఫికెట్ ఎవరైనా ప్రింట్ తీయొచ్చు. అంగీకరించిన కోడ్, దాని కింద జరిగిన చర్చ మాత్రం మీవే.

పీర్‌ట్యూబ్ యూట్యూబ్‌ని దించేస్తుందా అంటే.. ఆ ఆశ వద్దు. అక్కడ ఉన్నంత ఆడియెన్స్ ఇక్కడ లేరు, యాడ్ ఆదాయం లేదు. సర్వర్ పెడితే స్టోరేజ్ ఖర్చు, చెడ్డ వీడియోలు తీసేసే బాధ్యత మీదే. కానీ ఓ జిల్లా కాలేజీ లెక్చర్లో, ఓ ఒగ్గుకథ బృందం రికార్డింగులో.. రేపు ఏదో కంపెనీ రూల్ మార్చినా పోకుండా ఉండాలంటే ఇలాంటి దారి ఒకటి తెరిచి ఉండాలి. ఆ దారిలో తెలుగు బోర్డు ఉండాలా వద్దా అన్నది ఫ్రాన్స్‌లో తేలదు. మనం రాస్తేనే ఉంటుంది.

ఈ వీకెండ్‌కి ఇదీ ప్లాన్

శనివారం: ఫోన్‌లో పీర్‌ట్యూబ్ యాప్ వేసి నాలుగు వీడియోలు చూడండి. ఇబ్బంది అనిపించింది రాసుకోండి.
ఆదివారం: వెబ్‌లేట్‌లో అకౌంట్ తెరిచి 10 వాక్యాలు అనువదించండి. లేదా రాసుకున్న ఇబ్బందుల్లో ఒకదాన్ని పద్ధతిగా రిపోర్ట్ చేయండి.

పదే పది వాక్యాలు. గంట కూడా పట్టదు.