హాలియా వాగు పరీవాహకంలో సాగునీటి లవణాలు: కొలత, అన్వయం

కృష్ణా నదికి ఉపనది అయిన హాలియా వాగు నల్లగొండ జిల్లా మెట్టభూముల గుండా ప్రవహిస్తుంది. పరీవాహకంలో అధికభాగం గ్రానైట్, నీస్ శిలలే. ఎగువన సేద్యం ప్రధానంగా బోరుబావులపై ఆధారపడగా, దిగువన నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు అందుతున్నది. కాబట్టి ఒక్క నమూనా ఆధారంగా పరీవాహకమంతటికీ సిఫారసు చేయరాదు.

క్షేత్రంలో తొలి కొలత విద్యుద్వాహకత. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఇది సుమారు 2 శాతం పెరుగుతుంది. అందువలన 25 డిగ్రీల సెల్సియస్‌కు సరిచేయాలి. వేసవిలో 35 డిగ్రీల నీటికి ఈ సవరణ విస్మరిస్తే విలువ దాదాపు ఐదోవంతు ఎక్కువగా నమోదవుతుంది. బోరును 10-15 నిమిషాలు నడిపిన తరువాతనే నమూనా తీయాలి. మీటరుకు 1 డెసీసైమన్ విద్యుద్వాహకత లీటరుకు సుమారు 640 మిల్లీగ్రాముల లవణాలకు సమానం. అట్టి నీటిని హెక్టారుకు మొత్తం ఒక మీటరు లోతున పారిస్తే నేలకు చేరే లవణం 6.4 టన్నులు. మురుగునీటి పారుదల లేని పల్లపు మడిలో అది అక్కడే నిలిచిపోతుంది.

అయితే మొత్తం లవణాన్ని బట్టి మాత్రమే నీటి నాణ్యతను నిర్ణయించలేము. గ్రానైట్ ప్రాంత భూగర్భజలంలో సోడియం, బైకార్బొనేట్ పెరిగి కాల్షియం తగ్గినచోట ఫ్లోరైడ్ సులువుగా కరుగుతుంది. అటువంటి నీరే నేలను క్రమేణా క్షారభూమిగా మారుస్తుంది. అవశేష సోడియం కార్బొనేట్ లీటరుకు 2.5 మిల్లీతుల్యాంకాలు మించితే, విద్యుద్వాహకత తక్కువగా ఉన్నా ఆ నీటిని నేరుగా పారించరాదు, జిప్సంతో సరిచేయాలి.

పంటను బట్టి కూడా పరిమితి మారుతుంది. నేల సంతృప్త ద్రావణంలో విద్యుద్వాహకత 3 డెసీసైమన్ల వరకు వరి దిగుబడి తగ్గదు. బత్తాయికి హద్దు 1.7 మాత్రమే. వరికి నప్పిన బోరునీరు పక్కనున్న బత్తాయి తోటకు నప్పకపోవచ్చు గనుక, నమూనా చీటీపై పంట పేరు తప్పక నమోదు చేయాలి.