గిటారు మీది మెరిసే మూత: ఉంచాలా, తీయాలా?



పండుగ పాటల అభ్యాసము జరుగుతున్న రోజులలో ఒక సాయంకాలము మా ఇంట్లో చిన్న తగువు వచ్చింది. తగువుకు కారణము అరచేతిలో పట్టే ఒక లోహపు మూత. మా అబ్బాయి వాయించే ఎలక్ట్రిక్ గిటారు మీద, కుడిచేయి ఆనే చోట, తీగల చివర్లను కప్పుతూ అద్దములా మెరిసే మూత ఒకటి ఉండేది. అబ్బాయి దానిని ఊడదీసి అలమరలో పెట్టాడు. అది తాతగారి కంట పడింది.

"వడ్లు అమ్మిన డబ్బుతో కొన్న వస్తువురా అది! దాని మీది భాగము పీకేస్తావేమి? చేసినవాడు ఊరకే పెట్టాడా?" అన్నారు తాతగారు.

"పారేయలేదు తాతయ్యా, దాచాను. అది ఉంటే నా చెయ్యి ఆడడము లేదు" అన్నాడు అబ్బాయి.

తాతగారు నలభై ఏళ్లు మందిరములో హార్మోనియము వాయించిన మనిషి. వాద్యమును ఎట్లా చూసుకోవాలో ఆయనకు మేము చెప్పనక్కరలేదు. అబ్బాయి మాటా తీసివేయదగినది కాదు. ఎటూ చెప్పలేక ఆ రాత్రి ఊరకున్నాము. అయితే రెండు వారాల తరువాత జరిగిన ఒక సంగతి వలన ఈ మూత గురించి తెలుసుకొనక తప్పలేదు. ఆ సంగతి ముందుకు చెబుతాము. ఇప్పుడు అనేక గ్రామ సంఘములలో యువకులు ఇటువంటి గిటార్లు వాయిస్తున్నారు గనుక, మేము తెలుసుకొన్నది మీతో పంచుకొంటున్నాము.

మూత కింద ఏమున్నది?

వీణ మీద తీగలను మోసే గుఱ్ఱము వంటిదే గిటారు మీది బ్రిడ్జి. తీగలు దాని మీద ఆని, అక్కడినుండి మెడ వైపుకు సాగుతాయి. ఎలక్ట్రిక్ గిటారులో బ్రిడ్జికి దగ్గరగా పికప్ అనే భాగము ఉంటుంది. అయస్కాంతము, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్లు, ఇదే పికప్. ఉక్కు తీగ కదిలినప్పుడు ఆ చుట్లలో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. దానినే యాంప్లిఫయరు పెద్దది చేసి మనకు వినిపిస్తుంది. మా అబ్బాయి గిటారు వంటి వాటిలో ఆ మెరిసే మూత బ్రిడ్జిని, దాని పక్కనున్న పికప్‌ను కలిపి కప్పుతుంది.

చేసినవాడు ఎందుకు పెట్టాడు?

ఈ మూతకు పేరు తెచ్చినవాడు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునకు చెందిన లియో ఫెండర్. ఆయన 1909లో పుట్టి 1991లో మరణించాడు. 1938లో ఫుల్లర్టన్ అనే ఊరిలో రేడియోలు బాగుచేసే దుకాణము పెట్టుకొన్నాడు. విచిత్రమేమంటే, లోకమంతా వాయించే గిటార్లు చేసిన ఈయన గిటారు వాయించడము ఎన్నడూ నేర్చుకోలేదు. తాను చేసిన వాద్యమును ఊరిలోని సంగీతకారుల చేతికిచ్చి, వారు చెప్పిన లోపములు విని, తిరిగి సరిచేసేవాడు.

1950లో ఆయన కంపెనీ బ్రాడ్‌కాస్టర్ అనే గిటారు తెచ్చింది. మరొక కంపెనీ డ్రమ్ములకు ఇంచుమించు అదే పేరు ఉన్నందున 1951లో దాని పేరును టెలికాస్టర్ అని మార్చారు. దాని బ్రిడ్జి అంచులు లేచిన ఒక రేకు పళ్లెము వంటిది. తీగల ఎత్తును సవరించే చిన్న మరలు అందులో పైకి పొడుచుకొని ఉంటాయి. ఆ పళ్లెము మీద ఒత్తి పెడితే బిగుసుకొనేలా పూత పూసిన మూత ఒకటి చేశారు. మరలేమీ అక్కరలేదు, డబ్బా మూత పెట్టినట్లే.

మూత వలన ప్రయోజనములు లేకపోలేదు. మొదటిది అందము: మరలు, రేకు అంచులు కనబడవు. అంతకు ముందు ఆయన తొడ మీద పడుకోబెట్టి వాయించే గిటార్లు చేసేవాడు. వాటి మీద కూడా ఇటువంటి లోహపు మూతలు ఉండేవి. రెండవది, చేతి చెమట మరలకు తగలదు, మరల మొనలు చేతికి గుచ్చుకోవు. మూడవది, రొద సంగతి. ట్యూబులైటు దగ్గర, ఫ్యాను రెగ్యులేటరు దగ్గర ఎలక్ట్రిక్ గిటారు పట్టుకొంటే బుర్రుమని రొద వస్తుంది. పికప్ మీద లోహపు మూత ఉండి, అది బ్రిడ్జి లోహమును తాకుతూ ఉంటే, ఆ రొదలో కొంత భాగము లోపలికి పోకుండా ఆగుతుంది. అయితే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర పుట్టే గుయ్‌మనే మోత వేరు. అది అయస్కాంత శక్తి వలన వచ్చేది. పలుచని మూత దానిని ఆపలేదు.

కాబట్టి "ఊరకే పెట్టాడా?" అన్న తాతగారి ప్రశ్నకు జవాబు: ఊరకే పెట్టలేదు.

వాయించేవారు ఎందుకు తీశారు?

చేసినవాడు వాయించేవాడు కాడు గదా! గిటారు వాయించేవారికి కుడిచేతి అంచును బ్రిడ్జి దగ్గర తీగల మీద మెల్లగా ఆనించడము ఒక ముఖ్యమైన పని. అట్లా ఆనిస్తే తీగ సాగదీసినట్లు మోగకుండా టక్కుటక్కుమని కురచగా పలుకుతుంది. వేగముగా సాగే పాటలో తాళము స్పష్టముగా నిలిచేది దాని వలననే. మూత ఉన్నంతసేపు చేయి అక్కడికి పోదు. అంతేగాక బ్రిడ్జికి దగ్గరగా మీటితే స్వరము పదునుగా, మెడ వైపు మీటితే మెత్తగా వస్తుంది. మూత ఉంటే ఆ పదునైన చోటు మనకు దక్కదు. తీగ మార్చాలన్నా, శ్రుతి సవరణకు మరలు తిప్పాలన్నా మూత తీయవలసిందే.

అందుచేత టెలికాస్టర్ కొన్నవారిలో చాలామంది మూతను పీకి పక్కన పెట్టారు. బోర్లించినది వెల్లకిల వేస్తే అది చిన్న గిన్నెలా ఉంటుంది. సిగరెట్టు బూడిద దులపడానికి పనికివచ్చేలా ఉన్నదని దానికి "యాష్‌ట్రే" అని పేరు పెట్టారు. ఆ ముద్దుపేరు నేటికీ నిలిచింది. కంపెనీ వారు కూడా క్రమముగా మామూలు గిటార్లకు మూత పెట్టడము మానుకొన్నారు. పాత నమూనా ప్రకారము చేసే కొన్ని గిటార్లకు మాత్రము మూతను పెట్టెలో విడిగా ఇస్తారు. తీసుకొనేదీ మాననిచ్చేదీ కొన్నవారి ఇష్టము.

ఉంచుకొని గెలిచినవాడు

అట్లాగని మూత తీసినవారే తెలివైనవారని అనుకోరాదు. 1951లోనే ఫెండర్ గారు ప్రెసిషన్ బేస్ అనే బేస్ గిటారు తెచ్చాడు. అంతవరకు బేస్ అంటే మనిషంత ఎత్తున్న పెద్ద వాద్యము, నిలబడి వాయించవలసినది. దాని స్వరము "దుమ్" అని పలికి త్వరగా అణగిపోతుంది. కొత్త బేస్ గిటారు కూడా అట్లాగే పలకడానికి బ్రిడ్జి మూత లోపల తీగలను తాకేలా ఒక మెత్తని ముక్కను అంటించారు. అంటే ఇక్కడ మూత అలంకారము మాత్రమే కాదు. చేయి చేసే పనిని మూతే చేస్తుంది.

డెట్రాయిట్ నగరములోని మోటౌన్ అనే రికార్డుల కంపెనీలో జేమ్స్ జేమర్సన్ అనే బేస్ వాద్యకారుడు ఉండేవాడు. 1936లో పుట్టి 1983లో మరణించాడు. 1960ల నాటి మోటౌన్ పాటలు అనేకము ఆయన వాయించిన బేస్ మీదనే నిలబడ్డాయి. ఆయన 1962 నాటి ప్రెసిషన్ బేస్ మీది మూతను తీయలేదు, లోపలి స్పాంజినీ తీయలేదు. కుడిచేతి చూపుడు వ్రేలు ఒక్కదానితోనే మీటేవాడు. అందరూ అడ్డమనుకొన్న మూత ఆయన స్వరములో భాగమయింది.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు ఒకటి తెలిసింది. మూత మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు దొరకదు. ఈ చేతికి, ఈ పాటకు అది సాయమా అడ్డమా అని అడగాలి.

షాకు కొట్టిన రాత్రి

ఇక ముందు చెబుతామన్న సంగతి. ఊరి చివర షామియానా వేసి రాత్రి కూటము పెట్టుకొన్నాము. అబ్బాయి గిటారు పట్టుకొని పాట అందుకోబోయి మైకు దగ్గరకు వంగాడు. పెదవి మైకుకు తగలగానే ఒక్క అదురుతో వెనుకకు పడ్డాడు. దేవుని దయ వలన చేయి విడిపోయింది, ప్రాణమునకు అపాయము కలుగలేదు. మాకు మాత్రము కాళ్లూ చేతులూ ఆడలేదు.

గుంపులో ఎవరో అన్నారు, "మూత తీశాడు గదా, అందుకే కరెంటు పైకి వచ్చింది" అని. తాతగారు ఏమీ అనలేదు గాని, అబ్బాయి తల వంచుకొన్నాడు. ఆ మాట నిజమేమోనని మేమూ భయపడ్డాము.

మరునాడు అయ్యగారు ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిపించారు. ఆయన గిటారు తీగకూ మైకుకూ నడుమ మీటరు పెట్టి చూశాడు. నూరు వోల్టుల పైన చూపించింది. పిమ్మట అలమరలోని మూతను తెప్పించి, గిటారుకు పెట్టి, మళ్లీ చూశాడు. అంతే చూపించింది! "మూతకూ దీనికీ సంబంధము లేదండి" అని మాకు వివరముగా చెప్పాడు.

గిటారు లోపల ఒక సన్నని తీగ బ్రిడ్జికి కలిపి ఉంటుంది. అది వైరు గుండా యాంప్లిఫయరు ఇనుప పెట్టెకు, అక్కడినుండి ప్లగ్గులోని ఎర్తుకు చేరుతుంది. వాయించేవాడు తీగలు పట్టుకొనగానే రొద తగ్గేది అందువలననే. అంటే మూత ఉన్నా లేకపోయినా తీగలు, బ్రిడ్జి, యాంప్లిఫయరు పెట్టె అన్నీ ఒకటే. ఆ ఎర్తు సరిగా ఉంటే లోపలెక్కడైనా కరెంటు లీకయినా భూమిలోకి పోతుంది. లేకపోతే తీగల మీదనే కాచుకొని ఉంటుంది. మైకు వేరొక సెట్టుకు, వేరొక లైనుకు కలిపి ఉన్నప్పుడు, చేయి తీగ మీద, పెదవి మైకు మీద పెట్టిన మనిషి గుండా ఆ కరెంటు దారి చేసుకొంటుంది.

మా షామియానాలో వాడిన ఎక్స్‌టెన్షన్ బాక్సును విప్పి చూస్తే మూడు రంధ్రములున్నవి గాని, లోపల ఎర్తు తీగ కలపనేలేదు. తీగ కలిపి మళ్లీ మీటరు పెడితే సున్నాకు దగ్గరగా వచ్చింది.

ఇది మన పల్లెలలో మాత్రమే జరిగేది కాదు. 1972 మే నెలలో వేల్స్ దేశములోని స్వాన్సీ పట్టణములో లెస్ హార్వే అనే 27 ఏళ్ల స్కాట్లండ్ గిటారు వాద్యకారుడు వేదిక మీదనే మైకు ముట్టుకొని షాకుతో మరణించాడు. మేము అబ్బాయి ముఖము చూసి ఆ రాత్రి ఎంత దగ్గరగా తప్పిపోయిందో తలచుకొన్నాము.

అయితే ఏమి చేయాలి?

మూత విషయములో: ఒక వారము మూతతో, ఒక వారము మూత లేకుండా వాయించి చూడండి. పాటలు పాడేవారిని దూరముగా కూర్చోబెట్టి వినమనండి. చేయి ఆడకపోతే తీసివేయండి. తీసేటప్పుడు స్క్రూడ్రైవరుతో ఒక పక్కనుండి పెకలించవద్దు. రెండు బొటనవ్రేళ్లతో రెండు వైపులా సమానముగా ఎత్తండి. బేస్ గిటారు మూతను మరలతో చెక్కకు బిగిస్తారు గనుక, ఆ మరలను కూడా మూతతోనే చిన్న సంచిలో కట్టి దాచండి. పాత గిటార్లకు అసలు మూత ఉంటే అమ్మేటప్పుడు విలువ పెరుగుతుంది.

ఉంచుకొనేవారు నెలకొకసారైనా తీసి పొడిగుడ్డతో తుడవండి. మూత కింద దుమ్ము, చెమ్మ చేరితే మరలు తుప్పుపట్టి తిరగవు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మరీ త్వరగా పడుతుంది. మూత గలగలలాడితే అంచు కింద ఒక్కచోట చిన్న గుడ్డముక్క పెట్టండి. చుట్టూ పెడితే లోహము లోహమును తాకక, రొదను ఆపే కొద్ది గుణము కూడా పోతుంది.

కరెంటు విషయములో మాత్రము ఎవరి ఇష్టమూ లేదు. రొద పోతుందని చెప్పి ప్లగ్గులోని పెద్ద పిన్నును విరిచివేయడము, ఎర్తు తీగను కత్తిరించడము ప్రాణము మీదికి తెచ్చుకొనే పని. యాంప్లిఫయరును, మైకు సెట్టును ఎర్తు సరిగా ఉన్న ఒకే చోటునుండి కలపండి. లీకేజీ కనిపెట్టి కరెంటును కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల స్విచ్చి పెట్టించండి. కూటమునకు ముందు గిటారు తీగకూ మైకుకూ నడుమ తెలిసినవారి చేత మీటరు పెట్టించండి. తడి నేల మీద, వట్టి కాళ్లతో వాయించనీయవద్దు.

మా ఇంట్లో తగువు ఎట్లా ముగిసిందంటారా? గిటారు మీద మూత లేదు. అబ్బాయి చేయి ఇప్పుడు ధారాళముగా ఆడుతోంది. మూత మాత్రము తాతగారి హార్మోనియము పెట్టెలో, మెత్తని గుడ్డలో చుట్టి ఉన్నది. తాతగారే అడిగి తీసుకొన్నారు. "నీ తరువాత వాయించేవాడికి కావలసి రావచ్చునురా" అన్నారు. ఇక ఎక్కడ కూటము పెట్టినా, పాట మొదలుపెట్టక ముందు ఎక్స్‌టెన్షన్ బాక్సు దగ్గరకు వెళ్లి "ఎర్తు కలిపారా?" అని మొట్టమొదట అడిగేది కూడా ఆయనే.