లివర్ ఎత్తే ముందు

అమెరికాలోని అయోవా రాష్ట్రం, ఫోర్ట్ మాడిసన్ ఊళ్లో వాల్టర్ షాఫర్ నగల వ్యాపారి. అప్పట్లో చాలా పెన్నులకు డ్రాపరుతో సిరా పోయాల్సి వచ్చేది. చేతులకు మరకలు తప్పేవి కావు. షాఫర్ పెన్ను పక్కన చిన్న లివర్ అమర్చి 1908లో పేటెంటు పొందాడు. లివర్ ఎత్తితే లోపలి లోహపు పట్టీ రబ్బరు తిత్తిని నొక్కుతుంది. పాళీని సిరాలో ముంచి లివర్ దించితే తిత్తి ఉబ్బుతూ సిరాను పీల్చుకుంటుంది. ఇంత తేలికైన ఏర్పాటు కాబట్టే ఎన్నో కంపెనీలు దశాబ్దాలపాటు లివర్ పెన్నులు చేశాయి.

ఈ పెన్నులో ముందు పాడయ్యేది తిత్తే. ఏళ్లు గడిచేకొద్దీ గాలి సోకి రబ్బరు పెళుసెక్కుతుంది. అందుకే తాతగారి పెట్టెలో పాత పెన్ను దొరికితే లివర్ ఎత్తి చూడకండి. రాయిలా బిగుసుకున్న తిత్తి అడ్డుపడి లివర్ వంగిపోతుంది, ఒక్కోసారి ఊడే వస్తుంది.

కడగాలన్నా జాగ్రత్తే. పాత పెన్నులు ఎబొనైట్‌వి, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. నీళ్లలో నానబెడితే నలుపు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. 1924లో షాఫర్ కంపెనీ రంగురంగుల సెల్యులాయిడ్ పెన్నులు తెచ్చింది. వాటిని ఆల్కహాలు, అసిటోన్ పాడుచేస్తాయి. నిప్పు తగిలితే భగ్గుమంటాయి.

మరి విప్పేదెలా? దారి తయారుచేసినవాళ్లే ఉంచారు. తిత్తిని వాళ్లు షెల్లాక్‌తో అంటించారు. మన మోదుగ, రేగు చెట్ల మీద లక్కపురుగులు పెట్టే లక్కను శుద్ధిచేస్తే వచ్చేదే అది. కొద్ది వేడికే మెత్తబడి పట్టు వదిలేస్తుంది. పాళీ ఉన్న ముందుభాగం అతుకు దగ్గర హెయిర్ డ్రయ్యర్‌తో, పెన్నును తిప్పుతూ, చేత్తో పట్టుకోగలిగేంత వేడి మాత్రమే ఇవ్వాలి. మెల్లగా అటూ ఇటూ కదిలిస్తే ఊడుతుంది. ఊడకపోతే కాసేపాగి మళ్లీ వేడిచేయాలి, పట్టకారుకు పనిచెప్పకూడదు. సూపర్ గ్లూతో అతికించడం నాకు రిపేరులా అనిపించదు. దాన్ని మళ్లీ విప్పాలంటే పెన్ను పగలాల్సిందే.

ఎండిన తిత్తి ముక్కలన్నీ గీకేసి, సరిపడే కొత్త తిత్తిని ఎంచుకోవాలి. తిత్తి నంబరు దాని వెడల్పే: 16వ నంబరంటే అంగుళంలో 64వ వంతులు పదహారు, అంటే పావు అంగుళం. పలచగా షెల్లాక్ రాసి తొడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పైన కాస్త టాల్కం పౌడరు అద్ది లోపలికి దూర్చాలి. సిరాకంటే ముందు మంచినీళ్లు పట్టించండి. నీళ్లలో లివర్ ఎత్తగానే పాళీ దగ్గర బుడగలొస్తే తిత్తి పనిచేస్తున్నట్టే. నింపాక అతుకు దగ్గర చెమ్మ తేలకపోతే సిరా పోయొచ్చు.