కిటికీ ఎటు పోయింది?

గంటసేపు కూర్చుని టైపు చేసిన కాగితం కంప్యూటర్ తెర మీంచి ఉన్నట్టుండి మాయమైతే? గుండె గుభేలుమంటుంది. చెయ్యి గబుక్కున స్విచ్ మీదికి వెళుతుంది. అదిగో... అసలు నష్టం జరిగేది అప్పుడే!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... 2016 అక్టోబరు దాకా ఈ మూడూ వరంగల్ జిల్లా పట్టణాలే. ఇప్పుడు మూడూ జిల్లా కేంద్రాలు. కలెక్టరేట్ ఉన్నచోట అర్జీలుంటాయి. అర్జీలున్నచోట టైపింగ్, జిరాక్స్ సెంటర్లుంటాయి. ఇంట్లో అయినా, సెంటర్లో అయినా నాలుగు ముక్కలు చిత్తుగా రాసుకోవడానికి కంప్యూటర్లో అందుబాటులో ఉండేది నోట్‌ప్యాడ్. 1985లో విండోస్ తొలి వెర్షన్‌తోనే వచ్చిన పాత నేస్తం. ఆ నేస్తమూ అప్పుడప్పుడూ పేచీ పెడుతుంది. మూడు ఊళ్లలో మూడు సందర్భాలు ఊహించుకుందాం.

జనగామ: సీరియల్ వెనక నోట్సు

డిగ్రీ చదివే కుర్రాడు. ల్యాప్‌టాప్ తెర చిన్నదని తీగతో టీవీకి కలిపి ప్రాజెక్టు నోట్సు రాస్తున్నాడు. అన్నానికి లేచాడు. వాళ్లమ్మ రిమోట్ నొక్కి సీరియల్ పెట్టుకుంది. తిరిగొచ్చి చూస్తే ల్యాప్‌టాప్‌లో నోట్సు లేదు! కింది పట్టీలో నోట్‌ప్యాడ్ గుర్తు మాత్రం ఉంది. ఎన్నిసార్లు నొక్కినా ఏమీ రాదు.

ఇందులో వింతేమీ లేదు. తీగ ఉన్నంతసేపూ టీవీ కూడా తన తెరేననుకుంటుంది కంప్యూటర్. అక్కడ ఇప్పుడు సీరియల్ నడుస్తోందని దానికేం తెలుసు? కిటికీని అక్కడే ఉంచుతుంది. కింది పట్టీలో నోట్‌ప్యాడ్ గుర్తు మీద ఒకసారి నొక్కి... విండోస్ మీట, షిఫ్ట్ కలిపి పట్టుకుని ఎడమ లేదా కుడి బాణం నొక్కితే చాలు, కిటికీ ఈ తెర మీదికి వచ్చేస్తుంది. లేదంటే విండోస్ మీటతో ‘పి’ నొక్కి ‘పీసీ స్క్రీన్ ఓన్లీ’ ఎంచుకోవాలి.

టీవీ లేకపోయినా కిటికీ తెర అంచు దాటి వెళ్లిందా? ఆల్ట్, స్పేస్ మీటలు కలిపి నొక్కండి. ఆ తర్వాత ‘ఎమ్’. ఇప్పుడు ఏదైనా బాణం మీట ఒకసారి నొక్కి మౌస్ కదిపితే కిటికీ దాని వెంటే వస్తుంది.

మానుకోట: చీమ తలకాయంత అక్షరాలు

మహబూబాబాద్‌ను మానుకోట అనేవాళ్లే ఎక్కువ. మిర్చి సీజన్. ఒకాయన బస్తాల లెక్క టైపు చేసుకుంటున్నాడు. రాస్తున్నకొద్దీ వరుస కుడివైపు జరిగిపోయి, మొదట రాసింది కనబడకుండా పోయింది. రాత ఎక్కడికీ పోలేదు. కిటికీ అంచు రాగానే వరుస కిందికి దిగాలంటే ‘వర్డ్ ర్యాప్’ అనే ఏర్పాటు ఉండాలి. విండోస్ 10లో అది ‘ఫార్మాట్’ మెనూలో ఉంటుంది. విండోస్ 11లో ‘వ్యూ’ కింద ఉంటుంది.

కంట్రోల్ మీట మీద వేలు ఉండగా మౌస్ చక్రం తిరిగిందంటే అక్షరాలు చీమ తలకాయంత అయిపోతాయి. కంట్రోల్‌తో సున్నా నొక్కితే మళ్లీ మామూలే. తెరిచిన కిటికీలన్నీ ఒక్కసారే మాయమయ్యాయా? కీబోర్డు తుడుస్తున్నప్పుడు విండోస్ మీట, ‘డి’ కలిసి పడి ఉంటాయి. మళ్లీ అవే నొక్కండి.

భూపాలపల్లి: ఎవరిదీ కాగితం?

మూడోది కాస్త జాగ్రత్తగా వినాల్సిన సంగతి. సింగరేణిలో పదవీ విరమణ చేసిన పెద్దాయన సెంటర్‌కు వచ్చి పింఛను ఉత్తరం రాయించుకున్నారు. పేరు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా... అన్నీ అందులోనే. ప్రింటు తీసుకుని కిటికీ మూసి వెళ్లిపోయారు. తర్వాత వచ్చినవాళ్లు నోట్‌ప్యాడ్ తెరిస్తే ఆ ఉత్తరమే ఎదురొచ్చింది!

ఇది వైరస్ కాదు. 2023లో విండోస్ 11 నోట్‌ప్యాడ్‌కు ట్యాబ్‌లు వచ్చాయి. దాచకుండా మూసినా, మళ్లీ తెరిస్తే పాత రాత కనిపించే సదుపాయమూ అప్పుడే మొదలైంది. ఇంట్లో ఇది వరమే. నలుగురు వాడే కంప్యూటర్లో మాత్రం మన గుట్టు పరాయివాళ్ల చేతిలో పెట్టినట్టే. అందుకే పనయ్యాక కిటికీ మూలనున్న ఇంటూ గుర్తు కాదు, ట్యాబ్ మీది ఇంటూ గుర్తు నొక్కండి. దాచాలా అని అడిగితే వద్దనండి. సెంటర్ నడిపేవాళ్లయితే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, తెరిచిన ప్రతిసారీ కొత్తగా మొదలయ్యే ఏర్పాటు ఎంచుకోవడం మేలు.

ముందు స్విచ్ వదలండి

విండోస్ 10, అంతకుముందు వెర్షన్ల నోట్‌ప్యాడ్ తనంతట తాను ఏదీ దాచదు. కిటికీ కనబడలేదని కంప్యూటర్ ఆపేస్తే అప్పటిదాకా క్షేమంగా ఉన్న రాత నిజంగానే పోతుంది. కాబట్టి మొదటి వాక్యం రాయగానే ఫైలుకో పేరు పెట్టండి. పేరా పేరాకీ కంట్రోల్‌తో ‘ఎస్’ నొక్కండి. కరెంటు పోయినా బెంగ ఉండదు.

కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఇల్లంతా వెతికే తాతయ్య ప్రతి ఇంట్లోనూ ఉంటారు. కిటికీ సంగతీ అంతే. పోయిందని కంగారుపడే ముందు ఒక్కసారి నుదురు తడుముకుంటే సరి!