పలకలోని దిట్టం

బాలలారా! మీ తాతలు బడికి వెళ్ళేటప్పుడు చంకలో ఒక పలక పెట్టుకుని వెళ్ళేవారు. ఈ కాలంలో మరొక రకం పలక వచ్చింది. దాని పేరు టాబ్. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదవ తరగతి పిల్లలకూ, వారి ఉపాధ్యాయులకూ టాబులు పంచటం మొదలుపెట్టింది. ఆ విడతలో సుమారు 5 లక్షల 18 వేల టాబులు ఇచ్చారు. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల బడులకూ అవి చేరాయి.

రాతిపలక మీద మీకు తోచింది వ్రాయవచ్చు, చెరిపి మళ్ళీ వ్రాయవచ్చు. మరి టాబు సంగతి ఏమిటి? అది తెలుసుకోవాలంటే ముందు తిరుమల కొండ ఎక్కాలి.

శ్రీవారి లడ్డులు తయారయే వంటశాలను పోటు అంటారు. లడ్డులో ఏ సరుకు ఎంత వేయాలో చెప్పే పట్టికకు దిట్టం అని పేరు. లడ్డు చేతికి వస్తే తినగలం. దిట్టం తెలిస్తేనే వండగలం. టాబును నడిపించే ఆదేశాలను సాఫ్ట్‌వేర్ అంటారు. దానికీ ఒక దిట్టం ఉంది. అదే సోర్స్ కోడ్. కొందరు దానిని పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. మరికొందరు, "ఎవరైనా చదవండి, మార్చుకోండి, నలుగురికీ పంచండి" అని బయట పెడతారు. ఈ రెండవ రకమే ఓపెన్ సోర్స్.

చిత్రమేమంటే, ఆ టాబుల్లో రెండు రకాలూ ఉన్నాయి. వాటిని నడిపే ఆండ్రాయిడ్‌కు ఆధారం లినక్స్. ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దానిని మొదలుపెట్టి, దిట్టాన్ని లోకానికి ఇచ్చివేశాడు. తరువాత వేలమంది దానికి మెరుగులు దిద్దారు. కాని అప్పుడు ఆ టాబుల్లో పెట్టి ఇచ్చిన పాఠాలు బైజూస్ అనే వ్యాపార సంస్థవి. ఒక ఉదాహరణ మన ఊరికి నప్పకపోయినా అయ్యవారు దానిని మార్చటానికి వీలులేకపోయింది. 2024లో ఆ సంస్థ దివాలా విచారణకు వచ్చింది. పాఠానికి ఒకరే తాళం వేసి ఉంచితే, వారికి కష్టం వచ్చిననాడు దానిని సరిదిద్దే దిక్కెవరు?

తాళం లేని పాఠాలు మన ప్రాంతానికి కొత్తకాదు. మదనపల్లె దగ్గర ఋషివ్యాలీ గ్రామీణ పాఠశాలల్లో కార్డుల మీద పాఠాలు వ్రాసి, వాటిని నిచ్చెన మెట్లలాగా వరుసపెట్టారు. ఒక్కొక్కరు తమ వేగాన్ని బట్టి మెట్టు మెట్టుగా ఎక్కుతారు. 1990 దశకంలో కర్ణాటకలోని హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు వచ్చి, ఆ పద్ధతి చూచి, తమ పిల్లలకు తగినట్టు కన్నడంలో కార్డులు చేసుకున్నారు. దానికి నలి-కలి అని పేరు పెట్టారు. పద్ధతిని దాచుకోలేదు కాబట్టే అది సరిహద్దు దాటింది!

టాబుతో కూడా ఇలా చేయవచ్చు. కివిక్స్ అనే ఓపెన్ సోర్స్ సాధనం ఉంది. దాని సాయంతో తెలుగు వికీపీడియాను ఒకసారి టాబులో నింపుకుంటే, ఇంటర్నెట్ లేని ఊళ్ళో కూడా చదువుకోవచ్చు. అక్షరాలు కూడా ఇలా అందరివీ కాగలవు. శ్రీకాళహస్తీశ్వర శతకం వ్రాసిన ధూర్జటి పేరుతో ఒక తెలుగు ఫాంట్ ఉంది. సిలికానాంధ్ర వారు దానిని అందరూ వాడుకునేటట్టు, మార్చుకునేటట్టు విడుదల చేశారు.

అయితే ఒక మాట జ్ఞాపకముంచుకోండి. తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన ఇల్లు శుభ్రంగా ఉన్నట్టు కాదు. వికీపీడియాలో ఎవరైనా వ్రాయవచ్చు కాబట్టి తప్పులూ ఉంటాయి. వాటిని దిద్దే హక్కు మీకు ఉన్నది. ఆ పని మీదే.

ఈ నెల మీరు చేయవలసిన పని ఇది. తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ వెతకండి. చెరువు పేరు, గుడి పేరు సరిగా ఉన్నాయా? పుస్తకాలు చూడండి, పెద్దలను అడగండి. తప్పు కనిపిస్తే, ఇంటర్నెట్ ఉన్నచోట మీ అయ్యవారి సాయంతో, ఆధారం చూపి దిద్దండి. ఆనాడు ఆ టాబు మీకు నిజంగా పలక అవుతుంది.