కొత్త విండోస్‌లో పాత తెలుగు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ ఉచితంగా అందిస్తూ వచ్చిన భద్రతా సవరణలు ఆగిపోయాయి. నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు మాత్రం 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు లభించింది. ఆ తరువాత ఇంటి కంప్యూటరును విండోస్ 11కు మార్చుకోవాలి, లేదా ఆ యంత్రాన్నే మార్చుకోవాలి. విండోస్ 11కు నాలుగు గిగాబైట్ల స్మృతి, 64 గిగాబైట్ల నిల్వ, టిపిఎమ్ 2.0 అనే భద్రతా భాగం, ఇంటెల్ అయితే స్థూలంగా ఎనిమిదవ తరం, ఆ తరువాతి ప్రాసెసరు ఉండాలి. ఈ సంగతులన్నీ అన్ని భాషల పత్రికలూ రాశాయి. అయితే ఈ మార్పులో కంప్యూటరులోని పాత తెలుగు ఏమవుతుందన్న ప్రశ్న తెలుగువారు తప్ప మరొకరు అడిగేది కాదు. మనమూ పెద్దగా అడిగినట్టు లేదు.

నేనుండే స్కోఫీల్డ్స్ సిడ్నీకి వాయవ్యాన, రిచ్‌మండ్ రైలుమార్గం మీద ఉంది. ఒకప్పటి పొలాలు ఇళ్ళ వరుసలుగా మారిన ఈ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడతామని చెప్పినవారు 2016 ఆస్ట్రేలియా జనాభా లెక్కల్లో 34 వేల పైచిలుకు; 2021 నాటికి సుమారు 59 వేలు. వచ్చినవారిలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కావడంతో ఇంటి కంప్యూటరును కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు మార్చడం ఇక్కడ ఒక సాయంకాలపు పని. వారి వెనుక వచ్చిన తల్లిదండ్రుల పెట్టెల్లో మాత్రం పెన్‌డ్రైవులు, సీడీలు ఉంటాయి. వాటిలో ఊరి చరిత్రలు, వంశవృక్షాలు, అచ్చు కాని కథలు, ఆత్మకథలు. వాటిలో అధిక భాగం 1995కూ 2010కీ మధ్య తెనాలిలోనో వరంగల్లులోనో ఒక డీటీపీ కేంద్రంలో టైపు చేయించినవి. అసలు సమస్య అక్కడ ఉంది.

అది అర్థం కావడానికి కంప్యూటరు తెలుగును ఎలా దాచుకుంటుందో కొంచెం తెలియాలి. యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని యూనికోడ్ ఆరు సంఖ్యలుగా దాస్తుంది: స (3128), పొల్లు (3149), త (3108), మళ్ళీ పొల్లు (3149), ర (3120), దీర్ఘమైన గుడి (3136). ఇవన్నీ మనం పలికే క్రమంలోనే ఉంటాయి. సకు గుడి ఎక్కడ తగిలించాలి, తవత్తు ఎంత కిందికి దించాలి, క్రారవడి ఎటు తిప్పాలి అన్న పనులన్నీ తెరమీద చూపే సమయంలో ఆపరేటింగ్ సిస్టమూ ఫాంటూ కలిసి చేస్తాయి. ఫైలులో ఉండేది అక్షరపు గుర్తింపు మాత్రమే. రూపం అప్పటికప్పుడు తయారవుతుంది.

డీటీపీ కేంద్రాల తెలుగు దీనికి సరిగ్గా తలకిందులు. అను, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేర్లు వచ్చిన కాలంలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలుగు తెలియదు. ఒక ఫాంటులో 256 స్థానాలే ఉండేవి. వాటిలోనూ అన్నీ వాడుకోవడానికి వీలుండేది కాదు. అందువల్ల తెలుగు అక్షరాలను ముక్కలు చేసి, తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తులు మరొకచోట, ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో కూర్చారు. కంప్యూటరు దృష్టిలో అది ఇంగ్లీషే. ఆ ఫాంటు తొడిగినంతసేపు మన కంటికి తెలుగు. తీసేస్తే చుక్కలు తగిలించిన యూరపు అక్షరాలు, కరెన్సీ గుర్తులు, అర్థం లేని వరుసలు. ఏ ముక్క ఏ స్థానంలో ఉండాలన్నదానికి ఉమ్మడి నియమం లేదు. ఒక సంస్థ ఫాంటులో రాసింది మరో సంస్థ ఫాంటులో చదవలేము. దినపత్రికలు కూడా తొలినాళ్ళలో ఎవరి ఫాంటు వారు తయారు చేసుకుని వెబ్‌లో పెట్టాయి.

ఆ సాఫ్ట్‌వేర్లను నిందించడానికి ఇది చెప్పడం లేదు. పదిహేనేళ్ళపాటు తెలుగు ప్రచురణ మొత్తం వాటి మీదే నడిచింది. వాటి అక్షరాల అందాన్ని చాలా యూనికోడ్ ఫాంట్లు ఈనాటికీ అందుకోలేదని నా అభిప్రాయం. అయితే అవి కాగితం కోసం పుట్టినవి. కాగితం మీద అచ్చు పడ్డాక ఫైలు గతి ఏమిటన్నది వాటి ప్రశ్న కాదు.

ఇక్కడొక చిత్రమైన విషయం ఉంది. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు విద్యార్థులు ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతిని రూపొందించారు. తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో, ఒక ధ్వనికి ఒక నియమం చొప్పున రాసే పద్ధతి అది. చూడడానికి ఏమాత్రం అందం లేనిది. అయినా అప్పుడు అలా రాసిపెట్టిన పద్యాలు, వ్యాసాలు ఈ రోజు ఏ కంప్యూటరులో తెరిచినా తెరుచుకుంటాయి. లేఖిని వంటి సాధనంలో అతికిస్తే క్షణంలో తెలుగు లిపిలోకి వస్తాయి. భారత ప్రమాణాల సంస్థ 1991లో ప్రకటించిన ఇస్కీ పద్ధతిలో దాచినవీ అంతే. ఆ రెండూ దాచింది ధ్వనిని. డీటీపీ దాచింది బొమ్మను. ఇసిజి యంత్రం నుండి వచ్చే పట్టీ చాలాచోట్ల వేడికి స్పందించే కాగితం మీద గీసినది, కొన్నేళ్ళకు వెలిసిపోతుంది. అందుకే రోగి ఫైలులో పట్టీతోబాటు దాని నకలూ, అందులో కనిపించినదాని గురించి రెండు వాక్యాలూ ఉంచమని వైద్య విద్యార్థులకు చెబుతాం. గీత వెలిసినా వాక్యం మిగులుతుంది.

విండోస్ తనంతట తాను తెలుగు నేర్చుకున్నది 2001లో వచ్చిన ఎక్స్‌పీతో. గౌతమి ఫాంటు దానితోనే వచ్చింది. అప్పటికీ సంక్లిష్ట లిపుల కోసం సెట్టింగులలో ఒక గడిలో టిక్కు పెట్టి, సీడీ నుండి అదనపు ఫైళ్ళు ఎక్కించుకోవలసి వచ్చేది. విస్టాతో ఆ బాధ తప్పింది. విండోస్ 7లో వాణి, విండోస్ 8లో నిర్మల ఫాంట్లు చేరాయి. యూనికోడ్ కూడా ఆగలేదు. దంత్య చ, జల గుర్తులు ౘ, ౙ, అవగ్రహం ఽ 2008లో చేరాయి. పాత అచ్చు పుస్తకాలలో కనిపించే నకారపొల్లుకు 2021లో స్థానం దొరికింది. ఎక్స్‌పీతో వచ్చిన పాత గౌతమికి ఇవేవీ తెలియవు. యూనికోడ్‌లో రాసినవారికి ఆపరేటింగ్ సిస్టమ్ మార్చిన ప్రతిసారీ తెలుగు కొంత మెరుగుపడుతూనే వచ్చింది.

తప్పటడుగులు లేకపోలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేకమైన క్రమంలో, మధ్య కంటికి కనిపించని ఒక గుర్తుతో, సందేశంగా వస్తే ఐఫోనులోని యాప్‌లు కూలిపోయాయి. ఆపిల్ సంస్థ అదే నెలలో ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. ఇక్కడ గమనించవలసిందేమంటే, ఆ అక్షరాన్ని పంపినవారు దేన్నీ మార్చుకోనక్కరలేకపోయింది. రాత సరిగా ఉంది, చూపే యంత్రంలో లోపం ఉంది; యంత్రాన్ని బాగుచేస్తే సరిపోయింది. డీటీపీ తెలుగుకు ఆ అదృష్టం లేదు.

దానికి కొత్త విండోస్‌లో ఎదురయ్యే చిక్కులు ఇవి. విండోస్ 11 కేవలం 64 బిట్‌ల రూపంలోనే వస్తుంది, విండోస్ 3.1 కాలపు 16 బిట్‌ల ప్రోగ్రాములు అందులో నడవవు. కొన్ని సాఫ్ట్‌వేర్లకు కంప్యూటరు వెనుక ప్రింటరు పోర్టుకు తగిలించే తాళం లాంటి పరికరం ఉండేది. ఆ పోర్టే ఇప్పటి యంత్రాలకు లేదు. పేజ్‌మేకర్ 2001 నాటి 7వ వెర్షనుతో ఆగిపోయింది. దాని ఫైళ్ళను తెరవగలిగిన ఇన్‌డిజైన్ కూడా సిఎస్6 తరువాత ఆ పని మానేసింది. టైప్ 1 రకపు ఫాంట్లకు అడోబీ 2023 జనవరితో మద్దతు ఆపివేసింది. ఇన్ని తలుపులు ఒకదాని వెనుక ఒకటి మూసుకున్నా ఫైలు మాత్రం చెక్కు చెదరదు. కొత్త కంప్యూటరులోకి నకలు చక్కగా దిగుతుంది, పరిమాణం సరిపోతుంది, తేదీ కూడా పాతదే ఉంటుంది. అందువల్లనే నష్టం జరిగినట్టు ఎవరికీ తెలియదు. మా వీధిలో ఒక పెద్దాయన తన ఊరి చరిత్ర నూట యాభై పేజీలు రాసి పెట్టుకున్నారు. కుమారుడు కంప్యూటరును మార్చి, ఫైళ్ళన్నీ కొత్తదానిలోకి చేర్చి, పాతదాన్ని వదిలించుకున్నాడు. ఎనిమిది నెలల తరువాత ఆయన ఆ ఫైలు తెరిచే వరకు ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. “అక్షరాలన్నీ ఉన్నాయండీ, తెలుగే లేదు” అన్నారాయన. ఆ ఫాంటు పేరైనా ఫైలులో నమోదై ఉండడం వల్ల చివరకు దారి దొరికింది.

రోగిని ఆస్పత్రిలో చేర్చుకునేటప్పుడు ఇంట్లో వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రమ్మంటాం. మాటల్లో చెప్పిన జాబితాలో సగం మందులు రావు. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చే ముందు చేయవలసిందీ అదే. పాత కంప్యూటరులోని ఫాంట్ల ఫోల్డరును మొత్తంగా ఒక బయటి డిస్కు మీదికి నకలు చేయాలి. పేరు తెలియనివి కూడా. తరువాత తెలుగు ఫైళ్ళను పాత కంప్యూటరులోనే, సరిగా కనబడుతున్నప్పుడే, ఒక్కొక్కటీ తెరిచి పీడీఎఫ్‌గా మార్చి పెట్టుకోవాలి. పీడీఎఫ్ తనతోబాటు ఫాంటును కూడా మోసుకుపోతుంది కనుక ఏ కంప్యూటరులోనైనా పుట అలాగే కనిపిస్తుంది. దానితో పని పూర్తయిందనుకుంటే పొరపాటు. ఆ పీడీఎఫ్‌లో ఒక మాట వెతకలేము, ఒక పేరా నకలు తీస్తే మళ్ళీ పాత గందరగోళమే వస్తుంది. అది వెలిసిపోని ఛాయాచిత్రం మాత్రమే.

అసలు చికిత్స యూనికోడ్‌లోకి మార్చడం. పద్మ అనే ఫైర్‌ఫాక్స్ అనుబంధం ఒకప్పుడు పత్రికల సొంత ఫాంట్లను చదివేటప్పుడే యూనికోడ్‌గా మార్చి చూపేది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా అనుబంధాలన్నిటినీ నిలిపివేయడంతో ఆ రూపంలో అదీ పనిచేయకుండా పోయింది. మార్పిడి సాధనానికే ఆ గతి పట్టిందంటే ఈ పనిని వాయిదా వేయకూడదని వేరే చెప్పనక్కరలేదు. అను ఫాంట్ల నుండి మార్చే సాధనాలు వెబ్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఏ ఫాంటు, ఏ వెర్షను అన్నది తెలిసి ఉండాలి; అందుకే ఫాంట్ల ఫోల్డరు ముఖ్యం. పేజ్‌మేకర్ దొరకనివారు లిబ్రెఆఫీస్‌ను ప్రయత్నించవచ్చు. అది ఉచితం, 2015లో వచ్చిన 4.4 వెర్షను నుండి పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరవగలదు. పుట అమరిక చెదరవచ్చు. మనకు కావలసింది పాఠం.

మార్పిడి తరువాత తప్పులు ఉంటాయి, వాటికి ఒక పద్ధతి ఉంటుంది. తెలుగు వాక్యం మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటను కూడా సాధనం తెలుగు ముక్కలుగానే భావించి విచిత్రమైన పదంగా మారుస్తుంది. టైపు చేసినవారు ఒక ముక్కకు బదులు చూపుకు అలాగే ఉండే మరో ముక్కను వాడి ఉంటే కాగితం మీద ఏ తేడా తెలియదు. మార్పిడిలో అది వేరే అక్షరమై కూర్చుంటుంది. వత్తులు, దీర్ఘాలు ఎక్కువగా చెదురుతాయి. వీటిని యంత్రం పట్టుకోలేదు. రాసిన మనిషి పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకుని చదవాలి. ఊరిపేర్లు, ఇంటిపేర్లు, చెరువుల పేర్లు సరిచూడగలిగినవారు ఆ ఇంట్లో తరచు ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరికి ఎనభై ఏళ్ళు. కొత్త కంప్యూటరు వచ్చే ఏడాదీ దొరుకుతుంది కనుక ఇంటివారు ఏది ముందు చేయాలో ఆలోచించుకోవాలి.

యూనికోడ్‌లోనే ఉన్న పాత ఫైళ్ళకు చిక్కులు చిన్నవి. కొత్తగా స్థాపించిన విండోస్ 10, 11లలో గౌతమి, వాణి ఫాంట్లు వాటంతట అవి ఉండవు. సెట్టింగులలో ఆప్షనల్ ఫీచర్స్ కింద తెలుగు అనుబంధ ఫాంట్లు అన్న పేరుతో ఉంటాయి, ఎక్కించుకోవాలి. అవి లేకపోయినా తెలుగు కనిపిస్తుంది, నిర్మలలో కనిపిస్తుంది, పుటల లెక్క మారుతుంది. మండలి, రామభద్ర, సురన్న వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. టైపు చేయడానికి 2019 మే నాటి విండోస్ 10 నుండే ఉచ్చారణను బట్టి రాసే తెలుగు కీబోర్డు లోపలే ఉంది. పాత నోట్‌ప్యాడ్ అలవాటుగా ఆన్సీ పద్ధతిలో భద్రపరిచేది. హెచ్చరికను పట్టించుకోకుండా తెలుగును అలా దాచినవారి ఫైలులో మిగిలేవి ప్రశ్నార్థకాలే. వాటిని ఏ సాధనమూ వెనక్కి తేలేదు. 2019 నుండి నోట్‌ప్యాడ్ యుటిఎఫ్-8ను వాడుతోంది.

మార్చే రోజున మరొక జాగ్రత్త. టిపిఎమ్ కోసం బయోస్‌లో ఏదైనా మార్చే ముందు డిస్కు మీద బిట్‌లాకర్ తాళం ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోవాలి. తెలుగు ఫైళ్ళన్నీ చదివి సరిచూసే వరకు పాత కంప్యూటరును వదిలించుకోకూడదు. ఇంటర్నెట్టు తీగ తీసేసి, ఒక మూల ఉంచితే దాని వల్ల ప్రమాదమేమీ లేదు. ఆస్ట్రేలియాలో పాత కంప్యూటర్లను ఉచితంగా తీసుకునే జాతీయ పథకం 2011 నుండి ఉంది. అది ఆరు నెలల తరువాత కూడా తీసుకుంటుంది.